కాలికి అలవాటైపోయిన బ్రేకు

పోయిన సంక్రాంతి సెలవులకి తణుకు వెళ్ళినప్పుడు, భోగి ముందురోజు అమ్మ బెల్లం తెమ్మంటే నాన్న బండి తీశాను. 125 సీసీ బండి, 2017లో కొన్నది. ముందు చక్రానికి డిస్క్ బ్రేకు, వెనక చక్రానికి డ్రమ్ము బ్రేకు. నాన్న రోజూ దాని మీదే అత్తిలి వెళ్ళి వస్తారు. నేను హాస్టల్‌కి వచ్చాక ఆ బండి ముట్టుకుని ఆరు నెలలు దాటింది.

కాలవ వంతెన దిగుతుంటే ముందు వెళ్తున్న షేర్ ఆటో ఉన్నట్టుండి ఆగింది. నేను వెనక బ్రేకు తొక్కాను. పెడల్ కిందకి వెళ్ళింది, ఇంకా వెళ్ళింది, అడుగుకి వెళ్ళిపోయింది. బండి మాత్రం తాపీగా ముందుకి పోతోంది. కంగారులో ముందు బ్రేకు లీవరు నొక్కితే అది స్పాంజిలా మెత్తగా హ్యాండిల్ దాకా వచ్చేసింది. ఎలాగో పక్కకి కోసి ఆపాను. ఆటోకీ నా చక్రానికీ మధ్య జానెడు కూడా లేదు. ఆటో దిగుతున్న మామ్మగారు "కళ్ళు నెత్తినెట్టుకున్నావేంటి బాబూ" అన్నారు. నిజానికి తప్పు కళ్ళది కాదు. కానీ ఆవిడకి ఏం చెప్తాం?

ఇంటికొచ్చి నాన్నని అడిగాను. "నాన్నా, బ్రేకులు అస్సలు పట్టట్లేదు, మీరెలా నడుపుతున్నారు?" ఆయన పేపర్లోంచి తలెత్తకుండా "బానే ఉంది కదరా, నిన్న కూడా అత్తిలి వెళ్ళొచ్చాను" అన్నారు.

ఈ వ్యాసం అంతా ఆ "బానే ఉంది కదరా" గురించే. నాన్న అబద్ధం చెప్పలేదు. ఆయనకి నిజంగానే బాగుంది. అదెలా సాధ్యమో మా ఊరి మెకానిక్ షాపులో ఒక సాయంత్రం కూర్చుంటే అర్థమైంది.

షాపులో మొదటి పది నిమిషాలు

హైవే దిగి ఊళ్ళోకి వచ్చే రోడ్డు పక్కన రేకుల షెడ్డు. పండగ ముందు రోజు కదా, జనం బాగా ఉన్నారు. మేస్త్రిగారు బండి తీసుకుని ఓ యాభై గజాలు వెళ్ళి, వెనక్కి తిరిగొచ్చి, "నాన్నగారి బండేనాండీ?" అన్నారు. ఆయ్ అన్నాను. "ఆయనేం అనలేదా?" అన్నారు. లేదన్నాను. ఆయన నవ్వి, "అనరండీ. కాలు అలవాటు పడిపోద్ది" అన్నారు.

అప్పుడు అర్థం కాలేదు. తర్వాత ఒక చిన్న లెక్క వేశాను. బ్రేకు షూ మీద ఉండే లైనింగ్ రెండు మిల్లీమీటర్లు అరగడానికి రెండేళ్ళు పట్టిందనుకుందాం. అంటే 730 రోజుల్లో 2000 మైక్రాన్లు. రోజుకి మూడు మైక్రాన్లు కూడా కాదు. మన తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంటే ఒక్క వెంట్రుక మందం అరగడానికి దగ్గర దగ్గర నెల పడుతుంది. ఈ తేడాని ఏ మనిషి కాలు పట్టుకోగలదు? రోజూ నడిపేవాళ్ళకి నిన్నటికీ ఇవాళ్టికీ తేడా సున్నా. ఆరు నెలల తర్వాత నడిపినవాడికి మాత్రం ఒక్కసారే తెలిసిపోతుంది. మా బండిలో బ్రేకు కొత్తగా ఏమీ పాడవలేదు. కొత్తగా వచ్చింది నా కాలే.

డ్రమ్ము బ్రేకు లోపల ఏముంది

మేస్త్రిగారు వెనక చక్రం విప్పారు. డ్రమ్ము అంటే చక్రం మధ్యలో గిన్నెలా ఉండే భాగం, అది చక్రంతో పాటు తిరుగుతుంది. గిన్నె లోపల అర్ధచంద్రాకారంలో రెండు షూలు ఉంటాయి, అవి తిరగవు. మనం పెడల్ తొక్కితే ఒక రాడ్డు లాగబడుతుంది. ఆ రాడ్డు ఒక చిన్న ఆర్మ్‌ని తిప్పుతుంది. ఆర్మ్ లోపల ఉన్న క్యామ్‌ని తిప్పుతుంది. క్యామ్ బల్లపరుపుగా ఉండే ముక్క. అది తిరిగితే రెండు షూలూ విడిపోయి డ్రమ్ము లోపలి గోడకి ఒరుసుకుంటాయి. చక్రం ఆగుతుంది. కాలు తీస్తే స్ప్రింగులు షూలని మళ్ళీ దగ్గరకి లాగేస్తాయి. అంతే.

షూల మీద అతికించిన లైనింగ్ అరిగేకొద్దీ డ్రమ్ముకీ షూకీ మధ్య ఖాళీ పెరుగుతుంది, పెడల్ ఎక్కువ కిందకి వెళుతుంది. దీనికోసం రాడ్డు చివర ఒక నట్టు పెట్టారు. దాన్ని టైట్ చేస్తే ఖాళీ తగ్గుతుంది, పెడల్ మళ్ళీ పైనే పట్టుకుంటుంది. చాలా బైకుల మాన్యువల్స్‌లో పెడల్ ఆడే ఖాళీ 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలని రాసి ఉంటుంది.

ఇక్కడే మొదటి మోసం ఉంది. నట్టు తిప్పితే బ్రేకు బాగైనట్టు అనిపిస్తుంది. కానీ నట్టు తిప్పినంత మాత్రాన అరిగిన లైనింగ్ తిరిగి రాదు కదా. మా బండికి ఆ నట్టు రాడ్డు మీద మర చివరిదాకా వెళ్ళిపోయి ఉంది. ఇంక తిప్పడానికి చోటే లేదు.

మరి లైనింగ్ ఎంత ఉందో బండి విప్పకుండా తెలిసేదెలా? దానికి కంపెనీవాళ్ళే ఒక ఏర్పాటు చేశారు. చక్రం పక్కన, ఆ ఆర్మ్ దగ్గర, ఒక చిన్న బాణం గుర్తు ఉంటుంది. దాని వెనక ప్లేటు మీద ఒక గీత ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కి పట్టుకున్నప్పుడు బాణం ఆ గీత దాకా వచ్చేస్తే షూలు అయిపోయినట్టు. చాలా బండ్లకి ఇది ఉంటుంది. ఇన్నేళ్ళు బండి నడిపి నేను ఒక్కసారి కూడా దాన్ని చూడలేదు.

మా బండి బాణం గీతకి ఇంకా దూరంగానే ఉంది. అంటే లైనింగ్ ఉండాలి. విప్పి చూస్తే లేదు. ఒకవైపు ఒక మిల్లీమీటరు కూడా మిగల్లేదు. మామూలుగా రెండు మిల్లీమీటర్ల దగ్గరకి వస్తేనే మార్చెయ్యాలంట. మిగిలిన కాస్తా అద్దంలా మెరుస్తోంది. ఎక్కువ వేడెక్కితే అలా నున్నగా అయిపోతుందట, అప్పుడు ఎంత తొక్కినా జారిపోతుంది గానీ పట్టదు.

"మరి బాణం ఎందుకు చెప్పలేదండీ?" అని అడిగాను. ఆయన ఆర్మ్ చూపించారు. క్యామ్ కడ్డీకి గేరులా చిన్న చిన్న పళ్ళుంటాయి, ఆర్మ్ వాటి మీద కూర్చుంటుంది. ఎప్పుడో ఎక్కడో ఎవరో, నట్టు చివరికి వచ్చేసిందని, ఆర్మ్ ఊడదీసి ఒక పన్ను జరిపి మళ్ళీ బిగించేశారు. షూలు మార్చకుండానే బ్రేకు "బాగైపోయింది". మా బండికి బాణం గుర్తు ఆ ఆర్మ్ మీదే ఉంది కాబట్టి, ఆర్మ్‌తో పాటు బాణం కూడా వెనక్కి జరిగింది. అప్పటినుంచీ అది చెప్పేదంతా తప్పే. మా క్లాసులో చెప్పుకునే భాషలో అయితే, సెన్సరు ఎర్రర్ చూపిస్తుంటే సిస్టమ్ బాగుచెయ్యకుండా సెన్సరు రీడింగ్ మార్చేసినట్టు.

ఇంకో ప్రమాదం కూడా ఉంది. సైకిల్ పెడల్ అడ్డంగా ఉన్నప్పుడు తొక్కితే బలమంతా చక్రానికి వెళుతుంది. సరిగ్గా కింద ఉన్నప్పుడు తొక్కితే ఏమీ జరగదు. ఇక్కడ రాడ్డు, ఆర్మ్ కూడా అంతే. రెండింటి మధ్య 90 డిగ్రీల కోణం ఉన్నప్పుడు బలం బాగా అందుతుంది, అది దాటిపోతే తొక్కిన బలంలో కొంత వృథా. పైగా బాగా అరిగిన షూల మధ్య క్యామ్ మరీ ఎక్కువ తిరిగితే అక్కడే ఇరుక్కుపోవచ్చు కూడా. అప్పుడు బ్రేకు పడి వదలదు.

మేస్త్రిగారు రెండు షూలూ కలిపి మార్చారు, ఎప్పుడైనా జతగానే మార్చాలి. డ్రమ్ము లోపల తడి గుడ్డతో తుడిచారు, నోటితో ఊదలేదు. పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండేది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. ఇప్పటి లైనింగు దుమ్ము అయినా పీల్చాల్సింది కాదు. క్యామ్ కడ్డీకి కొంచెమే గ్రీజు పెట్టారు. ఎక్కువైతే వేడికి కరిగి లైనింగ్ మీదకి కారుతుంది. గ్రీజు తాగిన లైనింగ్‌ని పారేయడమే. డ్రమ్ము లోపలి వ్యాసం కూడా కొలిచారు. దాని మీదే గరిష్ఠం 131 మి.మీ. అని అచ్చులో పోసి ఉంది, అసలు కొలత 130. అంటే ఇన్నేళ్ళలో డ్రమ్ము అరగడానికి ఇచ్చిన సెలవు ఒక్క మిల్లీమీటరు.

డిస్క్ బ్రేకు, డికాషన్ రంగు ఆయిల్

ఇంక ముందు బ్రేకు. ఇది ఇంటర్‌లో చదివిన పాస్కల్ సూత్రమే. మూసి ఉన్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి పెడితే అది అన్నివైపులకీ సమానంగా వెళుతుంది. లీవరు దగ్గర చిన్న పిస్టన్, చక్రం దగ్గర కాలిపర్‌లో పెద్ద పిస్టన్ ఉంటాయి. చిన్నదాని వ్యాసం 12 మి.మీ., పెద్దదాని వ్యాసం 24 మి.మీ. అనుకుంటే వైశాల్యం నాలుగింతలు, కాబట్టి బలం కూడా నాలుగింతలు. అందుకే రెండు వేళ్ళతో నొక్కినా అంత బండి ఆగుతుంది.

ఇదంతా జరిగేది ద్రవం నలగదు కాబట్టి. గాలి నలుగుతుంది. పైపులో గాలి బుడగ ఉంటే మన వేళ్ళ బలం బుడగని నొక్కడానికే సరిపోతుంది, చక్రం దాకా వెళ్ళదు. నాకు లీవరు స్పాంజిలా తగిలింది అందుకే.

మేస్త్రిగారు హ్యాండిల్ మీద చిన్న డబ్బా మూత తీసి చూపించారు. కొత్త బ్రేక్ ఆయిల్ లేత పసుపు రంగులో ఉంటుంది. మాది కాఫీ డికాషన్‌లా ఉంది. "ఎప్పుడు మార్చేరండీ?" అన్నారు. బండి కొన్నప్పటినుంచీ ఎవరూ మార్చలేదు. అసలు అది మార్చేది అని మా ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇంజన్ ఆయిల్ మాత్రం నాన్న తారీఖు తప్పకుండా మారుస్తారు.

బ్రేక్ ఆయిల్ అని మనం అంటాం గానీ అది నూనె కాదు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 రకాలు గ్లైకాల్‌తో చేసినవి. వాటికి గాలిలో తేమని పీల్చుకునే గుణం ఉంది. మూత మూసే ఉన్నా, రబ్బరు పైపుల గుండా, సీళ్ళ గుండా కొంచెం కొంచెం పీల్చుకుంటూనే ఉంటుంది. ప్రమాణాల ప్రకారం డాట్ 4 కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. తేమ పీల్చాక లెక్క 155 డిగ్రీలే. డాట్ 3 అయితే 205 నుంచి 140కి పడిపోతుంది. బ్రేకు వాడేకొద్దీ కాలిపర్ వేడెక్కుతుంది. ఆ వేడికి ఆయిల్ మరిగితే ఆవిరి బుడగలు వస్తాయి, బుడగలు నలుగుతాయి, లీవరు ఖాళీగా వచ్చేస్తుంది. పైగా ఆ నీరు లోపల పిస్టన్‌కి తుప్పు పట్టిస్తుంది.

మా డెల్టాలో చుట్టూ కాలవలు, చేలు, చెరువులు. వర్షాకాలం అల్మారాలో బట్టలే చెమ్మగా ఉంటాయి. తేమ పీల్చే ఆయిల్‌కి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? అందుకే రెండేళ్ళకోసారి మార్చమంటారు. ఓపెన్ చేసిన డబ్బాలో మిగిలింది దాచి వచ్చే ఏడాది పొయ్యడం కూడా తప్పే. అది డబ్బాలోనే తేమ పీల్చేస్తుంది.

ఎయిర్ తీసే పనిలో నన్ను కూడా వాడుకున్నారు. ఆయన కింద కాలిపర్ దగ్గర నిపుల్‌కి సన్నటి పారదర్శక ట్యూబు తగిలించారు. నేను పైన లీవరు. "నాలుగుసార్లు కొట్టండి. ఇప్పుడు పట్టుకోండి. వదలకండి." ఆయన నిపుల్ వదులు చేస్తారు, బుడగలతో పాటు పాత ఆయిల్ ట్యూబులోకి వస్తుంది, నిపుల్ బిగిస్తారు. అప్పుడే నేను లీవరు వదలాలి. ఒకసారి నేను తొందరపడి ముందే వదిలేశాను. బయట గాలి మళ్ళీ లోపలికి పోయింది. "మళ్ళీ మొదట్నించేనండి" అన్నారు, కోప్పడకుండా. అరగంట పట్టింది. చివరికి లీవరు రాయిలా గట్టిపడినప్పుడు నాకే ఆశ్చర్యమేసింది. చుక్క ఆయిల్ ట్యాంకు మీద పడితే వెంటనే నీళ్ళతో కడిగేశారు, అది పెయింట్ తినేస్తుంది.

ఇంకో విషయం. డబ్బాకి చిన్న కిటికీ ఉంటుంది, అందులో ఆయిల్ మట్టం కనిపిస్తుంది. మట్టం తగ్గితే చాలామంది వెంటనే ఆయిల్ పోసేస్తారు. కానీ ప్యాడ్లు అరిగితే పిస్టన్ బయటకి జరుగుతుంది, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళుతుంది కాబట్టి పైన తగ్గుతుంది. ముందు ప్యాడ్లు చూడాలి, లీకు ఉందేమో చూడాలి. ఊరికే పోసెయ్యడం అంటే ఇందాకటి నట్టు కథే.

ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామా?

ఇంత పాడైనా నాన్నకి ముందు బ్రేకు సంగతి తెలియకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఆయన అసలు దాన్ని వాడరు. "ముందు బ్రేకు వేస్తే బండి తిరగబడిపోద్దిరా" అని నాకు బండి నేర్పినప్పుడు చెప్పింది కూడా ఆయనే. మీలో చాలామందికి ఇదే చెప్పి ఉంటారు.

బస్సు సడన్ బ్రేకు వేస్తే మనం ముందుకి తూలుతాం కదా. బండి బరువు కూడా అలాగే ముందు చక్రం మీదకి వస్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. తేలికైన చక్రానికి రోడ్డు మీద పట్టు తక్కువ, గట్టిగా తొక్కితే జారుతుంది. బరువు పడిన ముందు చక్రానికే పట్టు ఎక్కువ. అందుకే గట్టిగా ఆగాల్సినప్పుడు పని ఎక్కువగా చేసేది ముందు బ్రేకే. వెనకది ఒక్కటే వాడితే ఆగే దూరం దాదాపు రెట్టింపు అవుతుంది.

రెండు బ్రేకులూ బాగా పట్టే బండి, పొడి తారు రోడ్డు అనుకుందాం. 30 కి.మీ. వేగంలో బ్రేకు పడ్డాక ఆగడానికి సుమారు 5 మీటర్లు. 60 కి.మీ. వేగంలో 10 కాదు, 20 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలు. ఇది కాక మనం చూసి బ్రేకు వెయ్యడానికి ఒక సెకను పడితే, 60లో ఆ సెకనులోనే దాదాపు 17 మీటర్లు వెళ్ళిపోతాం. పాత బ్రేకులతో, వెనకది ఒక్కటే వాడుతూ అయితే మీరే లెక్కేసుకోండి.

నాన్న భయం పూర్తిగా తప్పు కూడా కాదు. హ్యాండిల్ తిప్పి ఉన్నప్పుడో, ఇసక మీదో ముందు బ్రేకు ఒక్కసారిగా లాగితే పడతాం. మా వైపు రోడ్ల మీద కోతలప్పుడు ధాన్యం ఆరబోస్తారు, గడ్డి పడి ఉంటుంది, ట్రాక్టర్లు చేలోంచి బురద తెస్తాయి. అలాంటిచోట ముందే నెమ్మదించాలి. మిగతాచోట్ల రెండు బ్రేకులూ కలిపి, ముందుది లాగకుండా మెల్లగా ఒత్తిడి పెంచుతూ వెయ్యాలి. 2019 ఏప్రిల్ నుంచి కొత్త బండ్లకి, 125 సీసీ దాటితే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్, ఆ లోపువాటికి కనీసం రెండు బ్రేకులూ కలిసి పడే సీబీఎస్ తప్పనిసరి చేశారు. మా బండి అంతకు ముందుది కాబట్టి ఆ పని మన చెయ్యీ కాలే చెయ్యాలి.

వానలో గుంట నీళ్ళలోంచి వెళ్తే డ్రమ్ములోకి నీళ్ళు పోయి బ్రేకు పట్టదు. నీళ్ళు దాటాక నెమ్మదిగా వెళ్తూ బ్రేకు కొంచెంగా ఒత్తి ఉంచితే ఆ వేడికి ఆరిపోతుంది. ఇది కూడా మేస్త్రిగారు చెప్పిందే.

మరి నాన్న ఏమన్నారు

బిల్లు వెయ్యి లోపే అయింది. భోగి పొద్దున్న మంట దగ్గర నుంచి వచ్చి నాన్న బండి తీశారు. వీధి చివరిదాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఇదేంట్రా, మరీ కత్తిలా పట్టేస్తోంది, పడిపోయేలా ఉన్నాను. కొంచెం లూజు చేయించు" అన్నారు.

నాకు నవ్వొచ్చింది, కొంచెం భయం కూడా వేసింది. ఏళ్ళ తరబడి ఆయన పాడైన బ్రేకుని బాగున్న బ్రేకు అనుకున్నారు. ఇప్పుడు బాగున్నది పాడైనట్టు అనిపిస్తోంది. ఇంతకాలం ఆటోలు సడన్‌గా ఆగకపోవడం మా అదృష్టం, అంతే.

లూజు చేయించలేదు. కనుమ వెళ్ళాక రెండు సాయంత్రాలు ఖాళీ గ్రౌండులో ఆయన చేత రెండు బ్రేకులూ కలిపి వేయించాను. నాకు బండి నేర్పిన మనిషికి నేను నేర్పడం ఇద్దరికీ ఇబ్బందిగానే ఉంది. ఇప్పుడు ఫోన్లో అడిగితే "ఆఁ, వేస్తున్నాలేరా" అంటారు. ఎంతవరకు నిజమో ఈసారి వెళ్ళినప్పుడు వెనక కూర్చుని చూడాలి.

మీరు కూడా ఈ సెలవులకి ఇంటికి వెళ్తే ఒక పని చెయ్యండి. నాన్నదో అన్నయ్యదో బండి తీసుకుని వీధి చివరిదాకా ఒకసారి నడిపి చూడండి. పెడల్ ఎంత కిందకి వెళ్తోంది, లీవరు మెత్తగా ఉందా, బాణం గీతకి ఎంత దూరంలో ఉంది, నట్టు మర చివరికి వచ్చేసిందా, ఆయిల్ ఏ రంగులో ఉంది చూడండి. ఐదు నిమిషాల పని. మీ బండి కూడా వాళ్ళకిచ్చి నడిపి చూడమనండి. మీ కాలు కూడా దేనికో అలవాటు పడిపోయి ఉండొచ్చు.